మీకు తెలుసా? చక్కెర లేకున్నా జామ్ పేరుకుంటుంది

స్ట్రాబెర్రీ జామ్ పేరుకోవడానికి చక్కెర తప్పనిసరి కాదు. తగిన రకం పెక్టిన్‌కు కాస్తంత కాల్షియం తోడైనా చాలు. పండ్లలో ఉండి జామ్‌ను గట్టిపరిచే పదార్థమే పెక్టిన్.

● మామూలు పెక్టిన్ పట్టుకోవాలంటే జామ్‌లో చక్కెర 55 నుంచి 65 శాతం దాకా ఉండాలి, నిమ్మరసం పులుపూ తగలాలి. నారింజ, నిమ్మ జాతి పండ్ల తొక్కల నుంచి తీసే ‘లో మెథాక్సిల్’ పెక్టిన్‌కు ఆ అవసరం లేదు. కాల్షియం తగలగానే దాని పోగులు ఒకదానికొకటి ముడిపడి జెల్లీ అవుతుంది. పొయ్యి మీద పల్చగా జారుతున్నా కంగారు పడక్కర్లేదు, చల్లారాక గట్టిపడుతుంది.

● జామకాయలో పెక్టిన్ దండిగా ఉంటుంది, స్ట్రాబెర్రీలో తక్కువ. అందుకే చక్కెర తగ్గించినప్పుడు ‘లో మెథాక్సిల్’ పెక్టిన్ పొడి విడిగా కలపాలి. దోరగా ఉన్న పండ్లు నాలుగు వేస్తే ఇంకా మంచిది; బాగా మగ్గిన వాటికంటే వాటిలో పెక్టిన్ ఎక్కువ.

● చక్కెర పండులోని నీటిని పట్టి ఉంచి బూజుకు అందనివ్వదు. అది తగ్గితే నిల్వ కాలమూ తగ్గుతుంది. మూత తీసిన సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచి, సుమారు మూడు వారాల్లో వాడేయాలి. ఫ్రీజర్‌లో అయితే ఏడాది వరకు ఉంటుంది; గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది కాబట్టి డబ్బాలో పైన అర అంగుళం ఖాళీ వదలాలి. బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినకూడదు, సీసా మొత్తం పారేయాల్సిందే.