వంశపారంపర్యపు కొలెస్టరాల్ వ్యాధి – రక్తమును వడకట్టు చికిత్స

రక్తములో కొలెస్టరాల్ పెరిగినదని వినగానే, ఇది నేయి, మాంసము మితిమీరి భుజించు సంపన్నుల వ్యాధియని పలువురు తలంతురు. ఇది సంపూర్ణ సత్యము కాదు. కాయకష్టము చేసి గంజి త్రాగు కుటుంబములలో గూడ పుట్టుకతోనే ఈ దోషము గల శిశువులు జన్మించుచున్నారు. అట్టివారికి పథ్య మొక్కటియే చాలదు. గ్రామ క్షేమమునకు బాధ్యులైన పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

వ్యాధికి మూలము

కొలెస్టరాల్ స్వతస్సిద్ధముగా విషము కాదు. శరీరమునందలి ప్రతి కణమునకు అది కావలయును. అధికభాగమును శరీరమే తయారు చేసికొనును. దానిని రక్తములో మోసికొనిపోవు రేణువులలో ఎల్.డి.ఎల్. అనునవి ముఖ్యమైనవి. కాలేయము తన కణములపై నుండు గ్రాహకముల ద్వారా ఈ రేణువులను లోనికి గ్రహించి రక్తమును శుభ్రపరచును. ఈ గ్రాహకములను కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞులు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ గారలకు 1985లో నోబెల్ బహుమానము లభించినది.

ఊరి మురుగుకాలువ పూడినచో నీరు వీథిలో నిలుచును గదా! అట్లే గ్రాహకములు లోపించినచో ఎల్.డి.ఎల్. రక్తములో నిలిచి, రక్తనాళముల గోడలకు పట్టి, గుండెకు రక్తము పోవు దారిని మూసివేయును.

గ్రాహకమును నిర్మించు జన్యువు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి బిడ్డకు వచ్చును. వానిలో ఒకటి చెడినవారు సుమారు 250 మందిలో ఒకరుందురు. చికిత్స లేనిచో వీరికి నడివయస్సులోనే గుండెపోటు రావచ్చును. రెండును చెడినవారు సుమారు 3 లక్షలలో ఒకరు. వీరి ఎల్.డి.ఎల్. తరచుగా డెసిలీటరుకు 500 మిల్లీగ్రాములు దాటును. ఆరోగ్యవంతులకు అది 100కు లోపల ఉండుట మేలు. చికిత్స లేనిచో ఇట్టి బాలబాలికలు 20 సంవత్సరములు నిండకమునుపే గుండెజబ్బు పాలగుదురు.

దోషమున్న వంశములో మేనరికము జరిగినచో భార్యాభర్త లిరువురకును ఒకే చెడిన జన్యువు ఉండు అవకాశము హెచ్చు. అప్పుడు పుట్టు ప్రతి బిడ్డకును రెండు జన్యువులు చెడినవి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు.

వడపోత విధానము

ఒక జన్యువు మాత్రమే చెడినవారికి స్టాటిన్ మొదలగు మందులు సాధారణముగా మేలు చేయును. స్టాటినులు ప్రధానముగా గ్రాహకములను పెంచియే పనిచేయును. కనుక రెండును చెడినవారికి వాని ఫలము స్వల్పము. అట్టివారికొరకు ఏర్పడినదే రక్తమును వడకట్టు చికిత్స.

1975లో లండనునందలి హామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు రోగుల రక్తమునుండి ప్లాస్మా అను ద్రవభాగమును తీసివేసి, దానికి బదులు వేరు ద్రవము నెక్కించి మేలు కలుగుటను ప్రకటించిరి. కాని ఇందువలన శరీరమునకు ఉపయోగపడు మాంసకృత్తులును పోవుచుండెను. పిమ్మట జపాను, జర్మనీ దేశములలో ఎల్.డి.ఎల్.ను మాత్రమే ఏరివేయు పద్ధతులు వెలసినవి.

ఒక పద్ధతిలో ఒక చేతి సిరనుండి వచ్చు రక్తమును యంత్రము కణములుగను, ప్లాస్మాగను వేరుచేయును. ప్లాస్మా ఒక గొట్టము గుండా పోవును. ఆ గొట్టములోని పూసలపై నుండు డెక్స్‌ట్రాన్ సల్ఫేట్, అయస్కాంతము ఇనుపరజను నాకర్షించునట్లు, ఎల్.డి.ఎల్.ను పట్టుకొనును. శుభ్రపడిన ప్లాస్మా కణములతో కలిసి మరొక చేతి సిర ద్వారా శరీరములోనికి చేరును. ఇందుకు రెండునుండి నాలుగు గంటలు పట్టును. ఒక్కసారి చేసినచో ఎల్.డి.ఎల్. సగమునకు మించి తగ్గును.

అయితే ఊటబావిని తోడినను మరల నీరూరునట్లు, కొలది దినములలోనే ఎల్.డి.ఎల్. మరల పెరుగును. కావున వారమునకో, రెండు వారములకో ఒకసారి ఈ చికిత్స జరుగవలయును. మందులు మానరాదు. రక్తపోటునకు వాడు కొన్ని మాత్రలు ఈ పద్ధతితో పొసగవు గనుక, వాడుచున్న మందులన్నిటిని వైద్యునకు ముందుగా తెలుపవలయును. యంత్రములు ఖరీదైనవి, పెద్ద ఆసుపత్రులలో తప్ప లభింపవు. ఇటీవల గ్రాహకములతో నిమిత్తము లేక పనిచేయు నూతన ఔషధములును వచ్చినవి.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

యంత్రము దూరమున నున్నను వ్యాధిని గుర్తించుట గ్రామములోనే సాధ్యము. పిల్లల మోచేతులపై, మోకాళ్లపై, వ్రేళ్ల కణుపులపై, మడమ వెనుక నరముపై పసుపుపచ్చని గడ్డలు కనిపించినచో, అవి పులిపిరులని ఉపేక్షింపరాదు, వాతలు పెట్టింపరాదు. పురుషులకు 55, స్త్రీలకు 60 ఏండ్లకు పూర్వమే గుండెపోటు వచ్చిన కుటుంబములను ఆశా కార్యకర్తల సహాయముతో గుర్తింపవలయును. ఇట్టివారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి రక్తపరీక్ష చేయించుట మంచిది. ఒకరియందు వ్యాధి బయటపడినచో తల్లిదండ్రులను, తోబుట్టువులను, బిడ్డలను గూడ పరీక్షింపవలయును. అట్టి వంశములలో మేనరికము తలపెట్టినవారు ముందుగా వైద్యుని సలహా పొందుట శ్రేయస్కరము.

ఇది అంటువ్యాధి కాదు. పూర్వజన్మ పాపమును కాదు. రోగిని గాని, తల్లిని గాని నిందించుట తగదు. సకాలమున గుర్తించిన బిడ్డకు ఎన్నో సంవత్సరముల ఆయుర్దాయము దక్కును.