ఎర్ర చుక్క గురి: పోటీ పిస్తోలును పరీక్షించుట ఎట్లు?

తుపాకిని గూర్చి విజ్ఞాన పత్రికలో వ్యాసమేమిటని కొందరు ఉపాధ్యాయులకు అనిపించవచ్చును. ఇచ్చట మనము ముచ్చటించబోవునది కాగితపు గురిపలకలను కొట్టు క్రీడను గూర్చి మాత్రమే. 1896 లో ఏథెన్సు నగరమున జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే పిస్తోలు పోటీలు ఉండెను. కాంతి పాఠమును, ద్రవ్యవేగ పాఠమును, ప్రయోగశాలలో రీడింగుల సగటు తీయు అలవాటును ఒకే వస్తువుపై ప్రయోగించి చూచుటకు ఇంత చక్కని ఉదాహరణము తరచుగా దొరకదు.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో మీట నొక్కినప్పుడెల్ల ఒక్క గుండే వెలువడును. ఆ ప్రేలుడు వెనుకకు తన్ను బలముతోనే ఖాళీ తూటా బయటకు పోయి, కొత్త తూటా గొట్టములోనికి చేరును. ఈ పనికై పిస్తోలు పైభాగమున ముందువెనుకలకు జరుగు ఉక్కు తొడుగు ఒకటి ఉండును. దీనినే స్లైడు అందురు. పూర్వము ఈ స్లైడు మీద వెనుక ఒక గంటు, ముందు ఒక చిన్న ఉక్కు పలక మాత్రమే గురిచూచుటకు ఉండెడివి. ఇటీవల చాల కర్మాగారములు స్లైడు మీద ఒక పల్లమును చెక్కి, అందులో చిన్న విద్యుత్ చూపుపరికరమును మరలతో బిగించుటకు వీలు కల్పించుచున్నవి. అట్టి పిస్తోలును "ఆప్టిక్స్ రెడీ" అని అమ్ముదురు. ఆస్ట్రియా దేశపు గ్లాక్ సంస్థ 2015 లో ఇట్టి నమూనాలను విడుదల చేసినది. చెక్ గణతంత్రమున ఉహెర్‌స్కీ బ్రోద్ పట్టణములోని సి.జెడ్. కర్మాగారపు "షాడో 2" కూడ ఈ విధమైన స్లైడుతో లభించును. మన లెక్కలకు ఈ షాడో 2 నే ఉదాహరణముగా తీసికొందము.

అమెరికాలోనో, ఐరోపాలోనో ఒక క్లబ్బు క్రీడాకారుడు చాల సొమ్ము పోసి ఇట్టి పిస్తోలును, దానిపై ఎర్ర చుక్క చూపించు పరికరమును కొన్నాడనుకొందము. అతనికి దక్కినదేమి? గుండు ఇదివరకటికన్న తిన్నగా పోవునా? పోదు. చుక్కకును గొట్టమునకును ఏ సంబంధమును లేదు. ఆ పరికరము తొలగించునది కంటివలన కలుగు ఒక దోషమును మాత్రమే. ఆ దోషమెంతటిదో తెలిసిననేగాని అతని సొమ్ము సద్వినియోగమైనదో లేదో చెప్పజాలము.

మామూలు పిస్తోలుతో గురిచూచువాడు వెనుక గంటును, ముందు పలకను, గురిపలకను ఒకే వరుసలోనికి తేవలెను. చేయి చాచినప్పుడు గంటు కంటికి సుమారు 60 సెం.మీ., ముందు పలక సుమారు 75 సెం.మీ., గురిపలక 25 మీటర్లు దూరమున ఉండును. కంటి కటకము ఒక క్షణమున ఒక్క దూరమునకే స్పష్టముగా సరిపడును. అందుచేత అనుభవజ్ఞులు ముందు పలకపైననే చూపు నిలిపి, గురిపలక మసకగా కనబడుటకు ఒప్పుకొందురు. ఆ మసక ఎంత? కనుపాప వ్యాసము 3 మి.మీ. అనుకొన్నచో, ముందు పలకపై చూపు నిలిపినప్పుడు 25 మీటర్ల దూరమున ఒక్కొక్క బిందువును 10 సెం.మీ.కు దగ్గరగా వ్యాపించిన మచ్చవలె కనబడును! ఇంతటి మసకలోనుండి నడిమి భాగమును ఊహించి కొట్టుచున్నారన్నచో అది మానవ నేత్రమునకును అభ్యాసమునకును గొప్పతనమే.

నలుబదియైదేండ్లు దాటినవారికి మరియొక చిక్కు. చత్వారము వచ్చినపిమ్మట కంటి కటకము తగినంత ఉబ్బలేదు. పుస్తకమును దూరముగా పట్టుకొని చదువు తోటి ఉపాధ్యాయులను మనమెరుగుదుము గదా! వారి చేతికి పిస్తోలు ఇచ్చినచో ముందు పలకయే మసకబారును. దశాబ్దముల అనుభవమున్న క్రీడాకారుడు చేయి స్థిరముగా ఉండియు కన్ను సహకరింపక వెనుకబడుట ఇందువలననే.

ఇక రెండవ దోషము కోణమునకు సంబంధించినది. రెండు సైట్ల నడుమ దూరము 165 మి.మీ. అనుకొందము. ముందు పలక గంటు నడిమినుండి కేవలము 0.2 మి.మీ. పక్కకు ఉన్నచో, సరూప త్రిభుజముల వలన 25 మీటర్ల దూరమున గుండు 30 మి.మీ. పక్కకు పోవును. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య వాడు 25 మీటర్ల ప్రెసిషన్ గురిపలకపై పది మార్కుల వలయపు వ్యాసము 50 మి.మీ. మాత్రమే. అనగా వెండ్రుక మందమునకు రెండు మూడు రెట్లంత దోషమే గుండును పది వలయపు అంచు దాటించును.

ఎర్ర చుక్క ఈ రెంటిని ఎట్లు తప్పించునో చూతము. పుటాకార దర్పణపు నాభివద్ద ఒక దీపమును ఉంచినచో పరావర్తన కిరణములు సమాంతరముగా వెలువడునని పాఠములో చదివితిమి. చూపుపరికరములోని గాజు పలక అట్టి దర్పణమే. దాని నాభివద్ద సూదిమొనంత ఎల్.ఇ.డి. దీపముండును. గాజుపై పూసిన పలుచని పొరలు ఎరుపు రంగును మాత్రము వెనుకకు త్రిప్పి, తక్కిన రంగులను లోనికి పోనిచ్చును. (అందుచేతనే ఆ గాజుగుండా చూచిన లోకము కొంచెము నీలివర్ణముతో కనబడును.) కంటికి చేరు ఎర్ర కిరణములు సమాంతరములు గనుక చుక్క అనంత దూరమున ఉన్నట్లు తోచును. గురిపలకపై చూపు నిలిపినచో చుక్కయు స్పష్టముగానే ఉండును. చత్వారము గలవారికి దూరపు చూపు బాగుగనే ఉండును గదా. వారికి ఇది వరమే.

ఇది క్రొత్త ఊహ కాదు. డబ్లిన్ నగరమున దూరదర్శినులు నిర్మించిన హోవర్డ్ గ్రబ్ 1900 లోనే ఈ సూత్రముపై పేటెంటు పొందెను. 1962 లో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడు ఎర్రని కాంతినిచ్చు డయోడును నిర్మించిన తరువాత, చిన్న బ్యాటరీతో నడచు పరికరము సాధ్యమైనది. 1975 లో స్వీడను దేశపు ఎయిమ్‌పాయింట్ సంస్థ అట్టిదానిని అంగడికి తెచ్చెను.

కన్ను పక్కకు జరిగినచో ఏమగును? కిరణములు నిజముగా సమాంతరములైనచో కన్ను 5 మి.మీ. జరిగినప్పుడు గురియు 5 మి.మీ. మాత్రమే జరుగును, గురిపలక 10 మీటర్లలో ఉన్నను, 50 మీటర్లలో ఉన్నను అంతే. గాజు సగము వెడల్పుకన్న ఎక్కువ జరిగితిమా చుక్కయే కనబడదు. 0.2 మి.మీ. దోషము 30 మి.మీ. అగు పాతపద్ధతితో దీనిని పోల్చి చూడుడు. నా అభిప్రాయమున ఈ పరికరపు విలువ అంతయు ఈ పోలికలోనే ఉన్నది.

చుక్క పరిమాణమును కోణపు నిమిషములలో చెప్పుదురు. ఒక డిగ్రీలో అరువదవ భాగము ఒక నిమిషము; 25 మీటర్ల దూరమున అది 7.3 మి.మీ. కప్పును. 3 నిమిషముల చుక్క 22 మి.మీ., 6 నిమిషముల చుక్క 44 మి.మీ. మరుగుపరచును. వేగముగా కొట్టవలసిన పోటీలకు పెద్ద చుక్కయు, నిదానపు పోటీలకు చిన్న చుక్కయు అనుకూలము. కంటి నల్లగ్రుడ్డు వంపు అన్నివైపుల సమానముగా లేనివారికి చుక్క తోకలు వచ్చిన నక్షత్రమువలె కనబడును. కొనుటకు ముందు ఇది తప్పక చూచుకొనవలెను.

స్లైడుపై బిగించుట అన్నది తేలిక విషయము కాదు. 8 గ్రాముల గుండు సెకనుకు 320 మీటర్ల వేగముతో పోవుచున్నచో దాని ద్రవ్యవేగము సుమారు 2.56 కి.గ్రా. మీ./సె. స్లైడు, గొట్టము కలిసి 450 గ్రాములనుకొన్నచో అవి వెనుకకు సెకనుకు 5.7 మీటర్ల వేగమును పొందును. గుండు గొట్టములో ఉండు కాలము సెకనులో వెయ్యవ వంతుకన్న తక్కువ, 0.7 మిల్లీసెకను అనుకొందము. త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు దాదాపు 800 రెట్లు! 30 గ్రాముల పరికరము ఆ క్షణమున 24 కిలోల బరువువలె తన మరలను లాగును. ప్రతి గుండుకు ఇంతే. కావున పల్లము పరికరమునకు సరిగా అమరినదా, మరలు వదులగుచున్నవా, కొన్ని వందల గుండ్ల తరువాత గురి మొదటి స్థానముననే ఉన్నదా అని పరీక్షించుట చుక్క ఎంత ప్రకాశవంతముగా ఉన్నదని చూచుటకన్న ముఖ్యము.

పిస్తోలు బరువు మాటకు వత్తము. ఖాళీ షాడో 2 బరువు 1330 గ్రాములు. ప్లాస్టిక్ చట్రము గల సాధారణ పిస్తోలు సుమారు 700 గ్రాములు. పై ద్రవ్యవేగమే రెంటికిని దక్కును గనుక మొదటిది సెకనుకు 1.9 మీటర్లు, రెండవది 3.7 మీటర్ల వేగముతో వెనుకకు తన్నును. గతిజశక్తి మొదటిదానిలో సుమారు 2.5 జౌళ్లు, రెండవదానిలో 4.7 జౌళ్లు. చుక్క గాజునుండి ఎగిరిపోయి మరల గురిపైకి వచ్చుటకు పట్టు కాలము ఈ భేదముపై చాలవరకు ఆధారపడును. 1976 లో స్థాపితమైన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య పోటీలలో మార్కులను సెకనులతో భాగింతురు. అక్కడ అరసెకను కూడ లెక్కయే. గుండు బలహీనముగా ఉంచి తన్నును తగ్గించుకొందమన్న నియమములు ఒప్పవు. గ్రెయినులలో గుండు బరువును, అడుగులలో వేగమును గుణించి 1000 చే భాగించగా కనీసము 125 రావలెను. మన గుండుకు 124 × 1050 ÷ 1000 = 130. ఇది ద్రవ్యవేగమే, ప్రమాణములు మాత్రమే వేరు.

ఇప్పుడు అసలు పరీక్ష. పిస్తోలును బిగింపులో ఉంచి గుండ్లు కాల్చి, కాగితముపై రంధ్రముల మధ్య గల అతి పెద్ద దూరమును కొలుతురు. ప్రకటనలలో కనబడు చిన్న గుంపు బొమ్మలను నమ్మవద్దు. గుండ్లు యాదృచ్ఛికముగా చెదరునప్పుడు ప్రమాణ విచలనము ప్రతి దిక్కునను 15 మి.మీ. అయినచో, 3 గుండ్ల గుంపు సగటున 36 మి.మీ., 5 గుండ్లది 46 మి.మీ., 10 గుండ్లది 57 మి.మీ. ఉండును. పిస్తోలు ఒక్కటే! పైగా 5 గుండ్ల గుంపు ఒకసారి 34, మరొకసారి 58 మి.మీ. వచ్చినను ఆశ్చర్యము లేదు. పది గుంపులలో మంచిదానిని ఏరి ఫొటో తీసినవాడు అబద్ధమాడలేదు గాని నిజమును చెప్పలేదు. రంధ్రములన్నిటి కేంద్రమును కనుగొని, అచ్చటినుండి ఒక్కొక్క రంధ్రపు దూరమునకు సగటు తీయుట మేలైన పద్ధతి. ఇందులో ప్రతి గుండును లెక్కకు వచ్చును.

స్వతంత్ర దోషములు కూడికవలె కలియవు. వాని వర్గములు కూడును. ఊహకు పిస్తోలు చెదరుట 15 మి.మీ., చేతి వణుకు 40 మి.మీ., సైట్ల పొందిక దోషము 25 మి.మీ. అనుకొందము. మొత్తము √2450, అనగా 49.5 మి.మీ. ఎక్కువ ధరపెట్టి 10 మి.మీ. పిస్తోలు కొన్నచో మొత్తము 48.2 అగును, లాభము ఒక మిల్లీమీటరు చిల్లర. పాత పిస్తోలుపైననే చుక్క బిగించి పొందిక దోషమును 8 కి తగ్గించినచో 43.5. ఏమియు కొనక అభ్యాసముచే వణుకును 30 కి తగ్గించినచో 41.8! చుక్క వలన మరొక మేలుకూడ కలదు. తన చేయి ఎంత వణకుచున్నదో క్రీడాకారునికి కండ్లయెదుటనే కనబడును. కొందరు దీనికి బెదరి, చుక్క నడిమికి వచ్చిన క్షణమున మీటను లాగివేసి గురి చెడగొట్టుకొందురు.

ఈ పరికరము అన్ని పోటీలలో చెల్లదు. ఒలింపిక్ పిస్తోలు పోటీలలో తెరచిన సైట్లు మాత్రమే అనుమతింపబడును. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో, 2023 లో, హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి పతకమును, జట్టుతో బంగారు పతకమును గెలిచినది ఆ పాత గంటు, పలకల సాయముతోనే.

ఈ సూత్రమును తరగతిలో చూపుటకు తుపాకి అక్కరలేదు. 15 సెం.మీ. నాభ్యంతరము గల కుంభాకార కటకమును బల్లపై అడ్డముగా నిలిపి, దాని క్రింద సరిగా 15 సెం.మీ. దూరమున టార్చి దీపమును ఉంచుడు. దీపముపై సూదితో పొడిచిన నల్లకాగితమును, ఎర్ర గాజుకాగితమును కప్పుడు. కటకమునకు పైన ఒక గాజు పలకను 45 డిగ్రీల వాలులో పట్టి, దానిగుండా కిటికీ వెలుపలి దూరపు చెట్టును సాయంకాలపు మసకవెలుతురులో చూడుడు. చెట్టుపై ఎర్ర చుక్క కనబడును. తల కొంచెము అటునిటు కదిపినను అది చెట్టును విడువదు. తరువాత దీపమును 2 సెం.మీ. కటకమువైపు జరుపుడు. చుక్క ఇప్పుడు కటకమునకు సుమారు ఒక మీటరు దూరముననే ఏర్పడును. తల కదిపినంతనే అది చెట్టును వదలి పరుగెత్తుటను విద్యార్థులు తామే చూడగలరు.