నోటు గడువు దగ్గరపడినప్పుడు సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

పాల బిల్లు వచ్చే రోజున కొన్ని గ్రామాలలో సంఘ కార్యాలయం వద్ద అప్పుల వాళ్లు కూడా కనిపిస్తూ ఉంటారు. తనిఖీలకు వెళ్లినప్పుడు నేను చాలాసార్లు గమనించాను. గేదె కొనడానికో, ఆస్పత్రి ఖర్చుకో రాసిన ప్రామిసరీ నోటుకు మూడేళ్లు నిండవస్తున్నవనగానే వారి రాకపోకలు ఎక్కువవుతాయి. "ఎక్కువ అక్కరలేదమ్మా, వంద రూపాయలు చెల్లు వేసి సంతకం పెట్టు, చాలు" అంటారు. ఆ సంతకం విలువ తెలియకుండానే పెట్టేవారు మనలో చాలామంది ఉన్నారు.

గడువు అంటే ఏమిటి?

అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుపై, దాని తేదీ నుండి 3 సంవత్సరాలలోగా కోర్టులో దావా వేయవలెనని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతున్నది. ఉదాహరణకు 2022 ఆగస్టు 10న రాసిన నోటుకు 2025 ఆగస్టు 10తో గడువు తీరింది. ఆ రోజు ఆదివారం గనుక, మర్నాడు కోర్టు తెరవగానే వేసిన దావా కూడా చెల్లుతుంది. అంతకు మించి ఆలస్యమైతే నోటుకు కాలదోషం పట్టినట్లే.

చెల్లు వేస్తే ఏమవుతుంది?

గడువు లోపల కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక ఆ సంగతి రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుండి మళ్లీ 3 సంవత్సరాలు మొదలవుతాయి. కట్టినది వంద రూపాయలే అయినా, మిగిలిన బాకీ అంతటికీ గడువు పెరుగుతుంది. సొమ్ము కట్టకుండా, బాకీ ఉన్నదని ఒప్పుకొంటూ గడువు లోపల సంతకం చేసి ఇచ్చిన కాగితానికీ ఇదే ఫలితం. వేలిముద్ర కూడా సంతకంతో సమానమే.

గడువు దాటిన తర్వాత వేసిన చెల్లు పాత నోటును బతికించదు. అందుకే కొందరు పాత తేదీతో చెల్లు వేయమంటారు. దానికి ఒప్పుకొనరాదు. అయితే కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని కొత్తగా రాసి సంతకం చేస్తే మాత్రం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లుతుంది.

నాకు తెలిసిన ఒక సభ్యురాలు ప్రతి పాల బిల్లులోను కొంత కడుతూ వచ్చింది. రశీదు లేదు, నోటు వెనుక రాత లేదు. గడువుకు వారం ముందు అప్పిచ్చిన వ్యక్తి వచ్చి అసలు, వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకొన్నాడు. పాత నోటు తర్వాత ఇస్తానన్నాడు. ఆమె కట్టిన సొమ్ము లెక్కకు రాలేదు, వడ్డీ అసలైపోయింది, రెండు నోట్లూ అతని వద్దనే ఉండిపోయినవి. ఆమెకు లెక్క తెలియక కాదు, చేతిలో కాగితం లేక నష్టపోయింది.

కావున ఈ క్రింది విషయాలు గుర్తుంచుకొనవలెను.

1. సంతకానికి ముందు అసలు, వడ్డీ, కట్టిన సొమ్ము లెక్క చూసుకొనవలెను. చెల్లులో నిజంగా కట్టిన మొత్తం, ఆ నాటి తేదీ మాత్రమే ఉండవలెను.

2. కొత్త నోటు రాసేటప్పుడు పాత నోటు చేతికి రానిదే సంతకం చేయరాదు. బాకీ పూర్తిగా తీర్చిన నాడు నోటు వాపసు అడిగే హక్కు మీకు గలదు.

3. ఖాళీ నోటు, ఖాళీ చెక్కు ఇవ్వరాదు. ఖాళీ నోటుపై సంతకం చేస్తే దానిని నింపుకొనే అధికారం ఇచ్చినట్లే చట్టం చూస్తుంది. చెక్కు చెల్లకపోతే క్రిమినల్ కేసు రావచ్చును.

4. కట్టే సొమ్ము బ్యాంకు ద్వారా కట్టండి. చేతికిస్తే రశీదు తీసుకొనండి.

5. అప్పిచ్చినవారు తమంతట తాము మీ గేదెను తోలుకుపోరాదు. కోర్టు డిక్రీ ఉన్నప్పటికీ, వ్యవసాయదారుని జీవనానికి అవసరమని కోర్టు తలచిన పశువులను జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతున్నది. బెదిరిస్తే పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయండి.

6. గడువు దాటిందని నమ్మి కోర్టు సమన్లను పక్కన పడవేయరాదు. నోటు వెనుక మీరు వేయని చెల్లు ఉండవచ్చును. హాజరై చెప్పుకొంటేనే అది బయటపడుతుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు సహాయం లభిస్తుంది.

ఇది నోట్లకు సంబంధించినది. తనఖా బాకీకి దావా గడువు 12 సంవత్సరాలు. సంఘాల అప్పులకు వేరే వసూలు పద్ధతులు గలవు.

అప్పు ఎగవేయమని ఈ నాలుగు మాటలు రాయలేదు. కాలదోషం పట్టినంత మాత్రాన బాకీ తీరిపోదు, కోర్టు ద్వారా రాబట్టే దారి మాత్రమే మూసుకుపోతుంది. అవసరానికి ఆదుకొన్నవారికి న్యాయంగా రావలసినది ఇవ్వడం మన ధర్మం. అందుకు వ్యవధి కావలసివస్తే చెల్లు వేయడంలో తప్పు లేదు. తెలిసి వేయవలెను, సరిగా వేయవలెను.

మీరు రాసిన నోట్ల తేదీలు, కట్టిన సొమ్ము ఈ రోజే ఒక పుస్తకంలో రాసుకొనండి. సంఘ కార్యదర్శులు వచ్చే పాల బిల్లు రోజున దీనిని సభ్యులకు చదివి వినిపించవలెనని కోరుచున్నాను.