14 ఏళ్ల అట్టపెట్టె

మా గ్యారేజీలో ఒక అట్టపెట్టె ఉండేది. అందులో నా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నోట్సు, రికార్డులు. పెళ్లయి అమెరికా రావడంతో సగంలో ఆగిన చదువు. పాప స్కూల్లో చేరాక పూర్తి చేస్తా, బాబు కాస్త పెద్దయ్యాక చేస్తా అనుకుంటూనే 14 ఏళ్లు గడిచాయి. మూడు ఇళ్లు మారాం, పెట్టె కూడా మాతోపాటే వచ్చింది.

కొన్నేళ్ల కిందట ఇండియా వెళ్లినప్పుడు శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను చూశాను. నేర్చుకోవాలని చాలా అనిపించింది. కానీ బట్ట ముందు కూర్చున్న ప్రతిసారీ "చదువు పక్కన పెట్టి బొమ్మలా?" అని లోపల ఎవరో అడిగినట్టుండేది. గీయడమూ లేదు, చదవడమూ లేదు.

దీని వెనక కొంత సైన్సు ఉంది. 1920ల్లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు మనుషులకు ఇరవై దాకా చిన్న చిన్న పనులిచ్చి, సగం పనులను మధ్యలో ఆపించింది. తర్వాత అడిగితే, పూర్తి చేసినవాటికన్నా ఆగిపోయినవే వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి. తర్వాత ఇతరులు చేసి చూస్తే ప్రతిసారీ అదే ఫలితం రాలేదనుకోండి. అయినా సగం పని మనసును పీకుతుందని ఇంట్లో ఉండే మనకు వేరే చెప్పాలా, పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ ఎత్తినవాళ్లకెవరికైనా తెలుసు!

నాకు నిజంగా పనికొచ్చింది 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు ప్రచురించిన పరిశోధన. పూర్తికాని పని మనసులో ఉన్నవాళ్లు వేరే పని మీద దృష్టి పెట్టలేకపోయారు. అదే, ఆ పనిని ఎప్పుడు ఎలా చేస్తారో స్పష్టంగా రాసుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది పోయింది. పని ఇంకా కాలేదు, అయినా మనసు ఊరుకుంది.

ఒక ఆదివారం కాగితం తీసుకుని నా సగం పనులన్నీ రాశాను. సగం కుట్టిన బొంత, ఫోటోల ఆల్బమ్, మొదలెట్టి వదిలేసిన స్పానిష్. కొన్నిటికి తేదీ వేశాను, స్పానిష్ కొట్టేశాను. ఎమ్మెస్సీ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏ తేదీ వేసినా అబద్ధమే అనిపించింది. చదువు మీద ఇష్టంతో కాదు, మానేశానన్న సిగ్గుతో దాన్ని మోస్తున్నానని అప్పుడు అర్థమైంది. నిజంగా చదవాలని ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు తేదీ వేయగలరు.

నాన్నకు చెప్పడమే కష్టమైంది. ఫీజు కట్టింది ఆయనే. "నాన్నా, ఇక ఆ ఎమ్మెస్సీ చెయ్యను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"సరే తల్లీ. ఆ క్లార్క్స్ టేబుల్స్ మాత్రం పారెయ్యకు. అది నాది" అన్నారు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ఒక్క పుస్తకం ఉంచుకుని మిగతావి రీసైక్లింగ్‌లో వేశాను.

ఆ వారమే సీసాలో నీళ్లు పోసి తుప్పు మేకులు, బెల్లం వేసి నానబెట్టాను. రెండు వారాలు పైనే పులియాలి. ఇండియన్ స్టోర్‌లో కరక్కాయ పొడి దొరికింది. దాన్ని పాలల్లో కలిపి, నూలు బట్టను ముంచి ఆరబెట్టాను. కరక్కాయలో టానిన్లుంటాయి. పులిసిన నీళ్లలోని ఇనుము వాటితో కలిస్తే నల్లరంగు పుడుతుంది. కలం ఆనించిన చోట లేత గీత కళ్లముందే నల్లబడుతుంటే, ల్యాబులో టెస్ట్‌ట్యూబు పట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి.

మొదటి నెమలి పాడైంది. పాలు తక్కువై రంగు పాకిపోయింది. రెండోది ఇప్పుడు గ్యారేజీలో, ఆ పెట్టె ఉండే చోటే ఆరుతోంది. ఆ పులిసిన వాసనకు మా పాప ముక్కు మూసుకుని తిరుగుతోంది.