ట్యాంకి కాడ మంచి నీళ్లే, బిందెలోకి వచ్చేసరికి ఏమైతాండాయి?

మన ఊర్లలో కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయంటే గట్టిగా చెప్పలేము. ఒక ఊర్లో దినం ఇడిసి దినం, ఇంకో ఊర్లో నాలుగు దినాలకొకసారి. వచ్చినాయంటే చాలు, బిందెలు పట్టుకోని ఉరుకుడే. ఆ నీళ్లు ఏ దారిలో వచ్చినాయో ఎవురడుగుతారు?

కర్నూలుకు తుంగభద్ర, కడపకు పెన్న, పల్లెల్లో బోర్లు. నీళ్లు యాడివైనా ఓవర్‌హెడ్ ట్యాంకిలో సరిగ్గా క్లోరిన్ కలిపితే అక్కడికి బాగానే ఉంటాయి. ఆ తర్వాత భూమిలో పైపు ఉంది చూడండి, శానాసార్లు చెడిపోయేది ఆడనే.

ఎట్లంటే, నీళ్లు పారేటప్పుడు పైపులో ఒత్తిడి ఉంటాది. చిల్లుంటే నీళ్లు బయటికి కారతాయి గానీ మురికి లోపలికి రాదు. సరఫరా ఆపినాక కత తిరగబడ్తాది. పైపు ఖాళీ అయ్యేకొద్దీ లోపలికి పీల్చుకుంటాది. పక్కన మురికి కాలువుంటే ఆ చిల్లులోంచే మురుగు లోపలికి దిగుతాది. మళ్లా నీళ్లు ఇడిసినప్పుడు అదే మన బిందెలోకి వస్తాది. ఇరవై నాలుగ్గంటలూ నీళ్లుండే పైపుకు ఈ బాధ తక్కువ. మనది ఎక్కువ సేపు ఖాళీగానే ఉంటాది గదా.

దీనికి మనం చేసే పనులు రెండు తోడైతాయి. ఒకటి, నీళ్లు పైకెక్కడం లేదని కొళాయి కాడ గుంత తవ్వి బిందె దాంట్లో పెట్టడం. సరఫరా ఆగంగానే గుంతలో నిలిచిన నీళ్లు తిరిగి పైపులోకే పోతాయి. రెండోది, కొళాయికి నేరుగా మోటారు తగిలించడం. అది నీళ్లతో పాటు చిల్లుల కాడుండే మురుగును గూడా గుంజుతాది. తప్పంతా జనానిదే అనడం లేదు. నీళ్లు చాలినంత వస్తే గుంత ఎవురు తవ్వుతారు?

ఇదేం ఊహ కాదు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగే నీళ్లల్లో మురుగు కలిసి ప్రాణాలు పోయినాయి. 2021 ఏప్రిల్‌లో మన పాణ్యం మండలం గోరుకల్లులో, ఆదోనిలో అతిసారంతో మనుషులు చనిపోయినప్పుడు గూడా అనుమానం తాగే నీళ్ల మీదికే పోయింది.

మరి ఏం చెయ్యాల? ట్యాంకి కాడ పరీక్ష చేస్తే చాలదు, చివరి కొళాయి కాడ చెయ్యాల. క్లోరిన్ దారి పొడుగునా మురికితో కొట్లాడి ఖర్చయిపోతాది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములన్నా మిగలాల. ట్యాంకి కాడ బాగుండి చివర లేదంటే, మధ్యలో యాడో పైపు చెడిందేమో చూడాల. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడోళ్లకు కిట్టుతో పరీక్ష చేసేది నేర్పాలని ఉంది. మీ ఊర్లో ఆ కిట్టు యాడుందో సచివాలయంలో అడగండి. కాలువలో మునిగిన పైపులు, కారే వాల్వులు ఫోన్లో ఫోటో తీసి గ్రామసభలో చూపించండి. అంతవరకు మొదట వచ్చే నీళ్లు తాగేదానికి పట్టొద్దండి. రంగో వాసనో మారితే ఆ నీళ్లు తాగకుండా వెంటనే పంచాయతీకి చెప్పండి. అనుమానముంటే తెర్లేదాకా కాంచి తాగండి.

చివరి కొళాయి శానా ఊర్లలో ఊరి బయట కాలనీలోనే ఉంటాది. ఆడి పిల్లోడు తాగే నీళ్లు బాగుంటేనే ఊరి నీళ్లు బాగున్నట్లు లెక్క.