మలుపులో మూలిగే బండి

దసరా సెలవుల్లో నేను మా మామ దగ్గర ఉన్న. మామకు ఒక పాత పికప్ ఉంది. అచ్చంపేట దిక్కు నుంచి కూరగాయలు ఎత్తుకొని హైదరాబాద్ పాతబస్తీలో మీరాలం మండికి వేస్తడు. ఆ బండి మీదనే వాళ్ల ఇల్లు గడుస్తది.

ఆ బండికి ఒక రోగం పట్టింది. శ్రీశైలం రోడ్డు మీద తిన్నగ పోతుంటే ఏ చప్పుడూ ఉండదు. పాతబస్తీ గల్లీల్లో మలిపితే చాలు, వెనక ఇరుసులోంచి "కటకట గర్ర్" మని మూలుగుడు, సీటు కింద వణుకుడు. ఒక మెకానిక్ చూసి "వెనక హౌసింగ్ మొత్తం మార్చాలె, 35,000 అయితది" అన్నడు. మామ వడ్డీకి తెచ్చెటందుకు తయారైండు. అత్తనే ఆపి, ఇంకొకరికి చూపియ్యమన్నది. అట్లా చాంద్రాయణగుట్టలో ఒక ముసలి ఉస్తాద్ షెడ్డుకు పోయినం. అక్కడ చూసింది, అడిగి తెలుసుకున్నది మీకు రాస్తున్న.

డిఫరెన్షియల్ అంటే ఏమిటి?

ఆగస్టు 15 కవాతులో మన వరుస తిరిగేటప్పుడు లోపలి చివరి పిల్లవాడు నిలబడ్డ చోటనే కాళ్లు ఆడిస్తడు. బయటి చివర ఉన్నోడు పెద్ద పెద్ద అంగలు వెయ్యాలె. బండి చక్రాలకూ అంతే. రెండు వెనక చక్రాల నడుమ 1.4 మీటర్ల దూరం ఉందనుకోండి. బండి పూర్తిగా వెనక్కి మళ్లితే బయటి చక్రం లోపలి దానికంటే 4.4 మీటర్లు ఎక్కువ నడుస్తది. 22/7 ను 1.4 తో గుణించి చూడండి, వస్తది.

రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి ఈడ్చుకుపోయి టైరు అరుగుతది. అందుకే ఇరుసు నడుమ గేర్ల పెట్టె పెట్టినరు. అదే డిఫరెన్షియల్. ఫ్రాన్సు దేశపు పెకర్ అనే ఆయన 1827లో ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నడు.

దీనికి ఒక లోపం ఉంది. ఒక చక్రం బురదలో పడితే అదే ఊరికే గిరగిర తిరుగుతది, గట్టి నేల మీది చక్రం కదలదు. వానకాలంలో మనం ఎన్ని బండ్లను తోసినమో గుర్తుందా? దీనికి విరుగుడే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. అమెరికాలో 1956 నాటి ప్యాకార్డ్ కార్లలో ఇది వచ్చింది. ఇందులో చాలా రకాలున్నయి, మామ బండిది ప్లేట్ల రకం. పక్క గేర్ల వెనక పలుచని ప్లేట్లు వరుసగా ఉంటయి. ఒకటి గేరుతో తిరుగుతది, దాని పక్కది డబ్బాతో తిరుగుతది. స్ప్రింగు వాటిని అదిమి పెడుతది. ఒక చక్రం బురదలో తిరిగినా, ఈ పట్టు వల్ల రెండోదానికి కొంత బలం అందుతది.

మరి మూలుగు ఎందుకు?

తడి వేలును అద్దం మీద రుద్దండి. కీచుమంటది. వేలు పట్టుకుంటది, జారుతది, మళ్లీ పట్టుకుంటది. మలుపులో ఆ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలె. మెత్తగ జారెటందుకు గేర్ ఆయిల్‌లో ఒక మందు కలుపుతరు. మామ బండిలో ఎవరో మందు లేని మామూలు ఆయిల్ పోసినరు. పైగా వెనక ఒక టైరు కొత్తది, ఇంకొకటి అరిగింది. అరిగిన చక్రం చిన్నది కాబట్టి ఎక్కువ చుట్లు తిరగాలె. అంటే తిన్నగ పోయినా ప్లేట్లు ఒరుసుకుంటనే ఉన్నయి!

ఉస్తాద్ పానా పట్టకముందు "చప్పుడు ఎప్పుడొస్తదో నువ్వు చెప్పు, ఎక్కడొస్తదో నేను చెప్త" అన్నడు. ఆయన చెప్పిన గుర్తులు:

* మెల్లగ మలిపేటప్పుడే కటకట, వణుకు: ప్లేట్లు, ఆయిల్.
* తిన్నగ పోతూ యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా మారే ఊళ: క్రౌన్, పినియన్ గేర్లు లేదా పినియన్ బేరింగు.
* వేగంతో పెరిగి, యాక్సిలరేటర్‌తో మారని గురగుర: చక్రం బేరింగు.
* గేరు వేసి కదిలించంగనే "టక్": జాయింట్ క్రాస్.

బాగు చేసిన తీరు

1. బండిని కొంత దూరం నడిపి ఆయిల్ వేడి చేసి, సమంగా ఉన్న నేల మీద ఆపినరు.
2. ముందు పై ప్లగ్ విప్పినరు, తర్వాతనే కింది ప్లగ్. కిందిది ముందు విప్పి, పైది రాకపోతే ఆయిల్ పోసే దారి ఉండదు.
3. కింది ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంది. అది మామూలే. ఇనుప ముక్కలు ఉంటే గేర్లు విరిగినట్టు. లేవు. మామ మొహం అప్పుడు తేటపడ్డది.
4. కంపెనీ పుస్తకంలో చెప్పిన గేర్ ఆయిల్, చెప్పినంత మందు కలిపి, పై రంధ్రం అంచు దాకా పోసినరు. మందు ఎక్కువైతే పట్టు పోతది.
5. ముందు చక్రాలకున్న జోడు టైర్లను వెనక్కు మార్చినరు.
6. ఖాళీ జాగాలో మెల్లగ 8 అంకె ఆకారంలో తిప్పినరు. కొత్త ఆయిల్ ప్లేట్ల నడుమకు పోవాలె గద! మొదటి చుట్లలో మూలిగింది. పది చుట్లయినంక తగ్గింది. మర్నాడు అచ్చంపేట పోయి వచ్చెటప్పటికి పోయింది.

మళ్లీ వస్తే ప్లేట్లు అరిగినట్టేననీ, అప్పుడు విప్పి ప్లేట్లు మార్చాలనీ, హౌసింగ్ మొత్తం కాదనీ ఉస్తాద్ చెప్పిండు.

జాగ్రత్త!

ఇట్లాంటి బండికి ఒక్క వెనక చక్రం జాకీ మీద లేపి ఇంజన్‌తో గేరులో తిప్పొద్దు. నేల మీదున్న చక్రానికీ బలం పోయి బండి జాకీ మీదికెళ్లి దుంకుతది. కింద మనిషి ఉంటే ప్రాణం పోతది. ఉస్తాద్ నన్ను బండి కిందికి రానియ్యలేదు, పక్క నుంచే చూడమన్నడు.

35,000 అప్పు తప్పింది. ఆయిల్, చిన్న మందు సీసా, కూలీతో పని అయిపోయింది. మన హాస్టల్ నీళ్ల మోటారు మూలిగినా సరే, ముందు ఎప్పుడు మూలుగుతుందో వినండి. ఆ తర్వాతనే పానా పట్టండి.

— పదో తరగతి విద్యార్థి