నల్ల బీరు, స్ట్రాంగ్ బీరు: కిక్ కాదు, రుచి ఎట్లా చూడాలి?

ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు దాటినవాళ్లకే. తాగే అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు, విషయం తెలుసుకోండి చాలు.

మా అనంతపురంలో బీరు గురించి అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత ఎక్కుతుందప్పా?" నేనూ అట్లాగే అడిగేవాణ్ణి. ఉద్యోగానికి బెంగళూరు పోయాక ఒక బ్రూపబ్‌లో మొదటిసారి ఇంపీరియల్ స్టౌట్ చూశా. డికాక్షన్ లాగా నల్లగా ఉంది. గటగటా తాగేశా. చేదు తప్ప ఏమీ తెలీలేదు. కాసేపటికే కాళ్లు తేలిపోయాయి. ఆ రాత్రే బైక్ మీద ఊరికి బయల్దేరబోతే మా ఫ్రెండ్ తాళాలు లాక్కున్నాడు. అందుకే ఈరోజు మీతో మాట్లాడుతున్నా.

ముందు ఒక అపోహ తీసేద్దాం. నలుపుకీ మత్తుకీ సంబంధం లేదు. రంగు బాగా వేయించిన బార్లీ నుంచి వస్తుంది. గిన్నిస్ డ్రాఫ్ట్ నల్లగానే ఉంటుంది, ఆల్కహాల్ మాత్రం 4.2 శాతమే. మన షాపుల్లో దొరికే స్ట్రాంగ్ బీర్లు బంగారు రంగులో ఉండి కూడా 8 శాతం దాకా పోతాయి. ఇంపీరియల్ స్టౌట్‌లో రెండూ ఉన్నాయి: నలుపూ, 8 నుంచి 12 శాతం ఆల్కహాలూ. 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా రాజదర్బారుకి పోయిన సరుకు ఇది.

మరి మంచిదో కాదో ఎట్లా చెప్పాలి? బీరు పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ పద్ధతిలో మొత్తం 50 మార్కులు. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే చిక్కదనానికి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. కిక్‌కి మార్కుల్లేవు!

ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు పక్కన పెట్టండి. మరీ చల్లగా ఉంటే వాసన తెలీదు. 10-13 డిగ్రీలు బాగుంటుంది, మన ఎండలకి ఎక్కువసేపు పట్టదులే. చిన్న గ్లాసులో సగం పోసి ముందు వాసన చూడండి. కాఫీ, ముదురు బెల్లం పాకం, ఎండు ఖర్జూరం... నాకైతే పెనం మీద వేంచిన చెనిక్కాయలు గుర్తొచ్చాయి. మీ ఇంటి వంటింట్లో ఏది గుర్తొస్తే అదే చెప్పండి, తప్పేం లేదు. తర్వాత ఒక్క గుక్క తీసుకుని నోట్లో తిప్పి మింగండి. తీపీ చేదూ సమంగా ఉన్నాయా? గొంతులో వెచ్చదనం ఉండొచ్చు, మంట ఉండకూడదు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే గాలి తగిలి పాతబడినట్టు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనొస్తే పులియబెట్టడంలో తేడా జరిగినట్టు.

ఇప్పుడు అసలు లెక్క. 10 శాతం బీరు 330 మిల్లీలీటర్లు తాగితే లోపలికి పోయే ఆల్కహాల్ 33 మిల్లీలీటర్లు. అంటే 5 శాతం బీరు రెండు సీసాలతో సమానం. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. "ఒక్కటే కదా మచ్చా" అని 44వ నంబర్ హైవే ఎక్కేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఇప్పుడు మేం నలుగురం ఒక్క గ్లాసు పంచుకుంటాం, మధ్యలో నీళ్లు తాగుతాం, పొద్దున బస్సెక్కి ఊరికొస్తాం. రుచి నాకు ఈమధ్యే తెలుస్తోంది.

మీ మార్కులెన్నో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!